నీటి నడక పాఠం

ఇంటి నుంచి,
జూన్ 9, ఆదివారం.

ప్రిన్సిపాల్ కుర్చీలో ఉన్న నా పాత స్నేహితురాలికి,

నమస్కారాలు. నువ్వూ, మీ ఆయనా, పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను. మోకాలి నొప్పి తగ్గింది, కోపం తగ్గలేదు. మర్యాదలు అయ్యాయి కనుక విషయానికి వస్తాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తిన ఒక్కసారీ మీటింగులో ఉన్నానే, మళ్లీ చేస్తాను అన్నావు. ఆ మళ్లీ ఇంతవరకూ రాలేదు. నీ గది బయట కూర్చుంటే, ఇరవై ఏళ్లు నీతో ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నదాన్ని, అపాయింట్‌మెంట్ ఉందా మేడమ్ అని అడిగారు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఉత్తరంలో ఒక సుఖం ఉంది. నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. గడియారం వంక చూసుకున్నా నాకు కనిపించదు.

ఆ పిల్ల సంగతి నీకు తెలిసినదే. అయినా మొదటి నుంచీ రాస్తాను. విచారణ కమిటీలో నువ్వు చెప్పిన కథకీ, జరిగినదానికీ దూరపు చుట్టరికం కూడా లేదు కాబట్టి.

మూడో సంవత్సరం పిల్ల. స్టాఫ్ రూములో అందరం 'ఎందుకండీ' అని పిలుచుకునే పిల్ల. దుప్పటి మూల ఇలా మడవాలమ్మా అంటే, ఎందుకండీ. సూపు చెంచా కుడి వైపే పెట్టాలమ్మా అంటే, ఎందుకండీ. హౌస్‌కీపింగ్ పాఠం చెప్పే ఆయన ఆ పిల్ల చెయ్యెత్తగానే దగ్గు తెచ్చుకునేవాడు. నువ్వూ నేనూ ఎంత నవ్వుకున్నాం! నాకు మాత్రం ఆ పిల్లంటే ప్రాణం. హోటలు డిగ్రీలో పర్యావరణం పేపరు ఎవరిక్కావాలి చెప్పు? భోజనం తర్వాత క్లాసు, పైన ఫ్యాను, నా గొంతు. పాపం, నిద్రపోయే పిల్లల తప్పేముంది. అలాంటి క్లాసులో కళ్లు తెరుచుకుని కూర్చునేది ఆ ఒక్కతే.

ఇక ఆ పాఠం సంగతి. మన కాలేజీలో అలాంటి పాఠమే లేదని మొన్న అందరి ముందూ అన్నావు. ఆ మాట అన్నది ఇంకెవరైనా అయితే నాకింత మంట పుట్టేది కాదు.

మనిద్దరం కొత్తగా చేరిన రోజులు గుర్తు చేసుకో. ఎవరికీ అక్కర్లేని పేపరు కొత్తవాళ్ల నెత్తిన వేశారు. పుస్తకంలో అడవులూ, ధ్రువాల మంచూ, ఓజోను పొరా ఉన్నాయి. పిల్లలు వాటిని బట్టీ కొట్టి, పరీక్షలో కక్కి, హోటళ్లలో చేరి, మిగిలిన నూనె తూములో పోసేవాళ్లు. ఒకరోజు నీకు ఒళ్లు మండింది. ట్రైనింగు వంటగదిలో కేకుల అలమారలోంచి ఎర్ర రంగు తీసి సింకులో కుమ్మరించావు. పదండర్రా, ఈ నీళ్లు ఎక్కడికి నడిచి వెళ్తాయో చూద్దాం అని క్లాసు మొత్తాన్ని పెరట్లోకి తరిమావు. హాస్టలు వెనక గోడ కింద నుంచి ఎర్రగా వచ్చి పక్కింటివాళ్ల కూరపాదుల్లోకి పోయాయి. ఆ పక్కింటాయన మనల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ రాయడానికి సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం నువ్వన్నావు, హోటలుకి ముందు వాకిలి ఎలా ఉండాలో అందరూ నేర్పుతారు, పెరటి వైపు మనం నేర్పుదామే అని. నీటి నడక అని పేరు పెట్టింది కూడా నువ్వే. పిల్లలు ఏ హోటలుకి ట్రైనింగుకి వెళ్లినా అక్కడ వాడిన నీళ్లు చివరికి ఎటు చేరుతున్నాయో తమ కళ్లతో చూసి రాయాలి, ఎవరో చెప్పింది రాయకూడదు అని నియమం పెట్టింది నువ్వు. నేను నీ వెనక రంగు డబ్బా మోసినదాన్ని.

తర్వాత నువ్వు పెద్దదానివయ్యావు. సిలబసు మారింది. పర్యావరణం పోయి 'హరిత ఆతిథ్యం' వచ్చింది. ఏ చెత్త డబ్బాకి ఏ రంగు వెయ్యాలో ఒక పాఠం. స్నానాల గదిలో పెట్టే కార్డు మీద ఏం రాస్తే గెస్టు మనసు కరుగుతుందో ఒక పాఠం. మీరు ప్రకృతికి ఏం చేస్తున్నారు అని గెస్టు అడిగితే ఎలా నవ్వాలో కూడా ఒక పాఠం, నవ్వుకి మార్కులు. ఆ డబ్బాల్లోని చెత్త ఎక్కడికి పోతుందో చెప్పడానికి మాత్రం గంటలు చాల్లేదు. పుస్తకంలోంచి నీటి నడక తీసేశావు. నేను క్లాసులో తియ్యలేదు. ఆ సంగతి నీకు తెలియదా? ప్రతి ఏడూ పెరట్లో ఎర్ర నీళ్లు చూసి, చూడనట్టు, నవ్వు ఆపుకుంటూ నీ గదిలోకి పోయేదానివి. నీ నవ్వే నాకు అనుమతి అనుకున్నాను. తెలివితక్కువదాన్ని.

ఆర్నెల్ల ట్రైనింగుకి ఆ పిల్లని సరస్సు ఒడ్డున పెద్ద హోటలుకి పంపింది నువ్వే. అక్కడ గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద ఐదు ఆకులు చెక్కి ఉంటాయి. ఐదు ఆకులంటే ఆ హోటలు వల్ల ప్రకృతికి వీసమెత్తు హాని లేదని అర్థమట. ప్రతి గదిలో కార్డు ఉంటుంది, తువ్వాలు కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడుకుంటారని గ్రహిస్తాం, నీళ్లు కాపాడినవారవుతారు అని. కొక్కేనికి ఉన్నదైనా నేల మీద పడేసినదైనా పొద్దెక్కేసరికి లాండ్రీకే పోతుంది. లేకపోతే సూపర్‌వైజరు ఊరుకోడు. ఆ పిల్ల మొదటి వారంలోనే ఎందుకండీ అందట. గెస్టుకి కార్డన్నా ఇష్టం, కొత్త తువ్వాలన్నా ఇష్టం, రెండూ ఇస్తున్నాం, నీకేం కష్టం అన్నారట.

మరి ఇంత లాండ్రీ నీళ్లు ఎటు పోతాయండీ అని అడిగితే మేనేజరు స్వయంగా చెప్పాడట. వెనక మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, అందులో శుభ్రపడి తోటకి వెళ్తాయి, మన పూలన్నీ ఆ నీళ్లతోనే పూస్తున్నాయి అని.

ఆ పిల్ల నమ్మింది. నువ్వు కమిటీలో నోరెత్తని ముక్క ఇదే. హోటలు గుట్టు బయట పెడదామని అది రంగు పొయ్యలేదు. మేనేజరు మాట నిజమని రుజువు చేద్దామని పోసింది. రిపోర్టుకి పేరు కూడా ముందే పెట్టుకుంది, 'పూలకి చేరే నీళ్లు' అని. బేకరీలో అడిగి కేకుల్లో వాడే ఎరుపు పొడి డబ్బా తెచ్చుకుంది. లాండ్రీ వాళ్లు నీళ్లు ఎక్కువగా వదిలే మధ్యాహ్నం వేళ చూసి తూములో పోసింది. పోసి, పరుగున తోటలోకి వెళ్లి గులాబీల పక్కన ఫోన్ పట్టుకుని కూర్చుంది, ఎర్ర నీళ్లు రాగానే ఫోటో తీద్దామని. ఎంతసేపటికీ మామూలు నీళ్లే వస్తున్నాయి. రంగు చాల్లేదేమో అనుకుని మళ్లీ వెళ్లి ఇంకో డబ్బా పోసిందట! నాకు ఇది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ హోటల్లో ఆ మాట నమ్మినది బహుశా ఆ పిల్ల ఒక్కతే.

ఈలోగా కింద సరస్సులో ఈత కొడుతున్నవాళ్ల చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. హోటలు మురుగు గొట్టం నోరు ఈతకి దిగే మెట్లకి ఇంత దగ్గర్లో ఉందని పాపం వాళ్లకేం తెలుసు. వరండాలో భోంచేస్తున్న టూరిస్టులు రక్తం రక్తం అని కేకలు పెట్టారు. ఒక పెద్దావిడ మనవరాలి కాలు తెగిందనుకుని కట్టుబట్టలతో నీళ్లలోకి దిగిపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు, కేకులో తినే రంగే కదా. కానీ ఫోటోలు మాత్రం ఆ పిల్ల బదులు టూరిస్టులు తీశారు. సాయంత్రానికి ఐదు ఆకుల పలకా, ఎర్ర సరస్సూ పక్కపక్కన ఊరందరి ఫోన్లలోకీ ఎక్కాయి.

నువ్వే చెప్పు, ఆ రోజు ఆ నీళ్లలో కొత్తగా కలిసిందేమిటి? సబ్బూ, బ్లీచింగూ, వంటగది జిడ్డూ ఏళ్ల తరబడి కలుస్తూనే ఉన్నాయి. వాటిని ఎవరూ గుర్తుపట్టలేదు కాబట్టి జనం అందులోనే హాయిగా మునిగి లేచారు. ప్లాంటు ఉందిలే, అది అబద్ధం కాదు. ఆకులు ఇచ్చేవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు మోటారు తిప్పి చూపిస్తారట. నేరం మాత్రం రంగు పోసిన పిల్లది.

మేనేజరు అంటే ఎవరు? మన మొదటి బ్యాచి టైబాబు. ముడి వేసుకోవడం రాక పరీక్ష రోజు టై చేత్తో పట్టుకుని నీ దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాడు. నువ్వు పెరట్లోకి తరిమిన ఆ రోజు ఎర్ర నీళ్ల వెంట అందరికన్నా ముందు పరుగెత్తింది వాడే. అలాంటివాడు కమిటీలో నీ పక్కన కూర్చుని, ఇది విద్యార్థి చేసే పని కాదు, సంస్థ మీద కుట్ర అన్నాడు. అది ఆ అమ్మాయి సొంత ఆకతాయితనమని కాలేజీ ఒప్పుకుంటే సరే, లేదంటే వచ్చే ఏడు నుంచి మీ పిల్లల్ని గుమ్మం ఎక్కనివ్వం అన్నాడు. వాడి ముఖంలోకి సూటిగా చూశాను. వాడు నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

నేను లేచి, ఆ పాఠం ఉంది, చెప్పింది నేనే అన్నాను. నువ్వు నావైపు తిరగను కూడా తిరగలేదు. మేడమ్ పాతకాలం మనిషి, సిలబసు మారినట్టు గమనించలేదు అన్నావు. అందరూ నవ్వారు. నవ్వనీ. నన్ను చూసి నవ్వితే నాకేం పోదు. కానీ ఆ ఒక్క మాటతో పాఠం లేనిదైపోయింది, పాఠం లేకపోయేసరికి ఆ పిల్ల చేసింది ఆకతాయితనమైపోయింది. ట్రైనింగు రద్దు. సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు. మూడేళ్ల చదువు ఆ తూములోనే పోసినట్టయింది.

వరండాలో నన్ను పక్కకి లాగి నువ్వు చెప్పింది మర్చిపోలేదు. ప్రతి ఏడూ ఎంతోమంది మన పిల్లలకి ఆ హోటలే ఆధారం, ఒక్కదాని కోసం అందరి నోటి దగ్గర కూడు లాగెయ్యమంటావా అన్నావు. నిజమే, ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు అటూ ఇటూ తిరిగాను. ఇప్పుడు చెబుతున్నాను. అందరి కూడూ కాపాడ్డానికి ఒక్కదాన్ని బలి పెట్టడం ఒకసారితో ఆగదు. వచ్చే ఏడు ఇంకోళ్లు ఇంకోటి అడుగుతారు. అప్పటికి నీకు అలవాటవుతుంది. నీకు అలవాటవడం చూడ్డానికి నేను అక్కడ ఉండాలా అన్నదే నా బాధ.

మొన్న ఆ పిల్ల వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. బస్సులో కండక్టరు ఆవిడ, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. మీరు పాఠం చెప్పారు మేడమ్ గారూ, అది నేర్చుకుంది, బాగానే ఉంది, ఇప్పుడా పాఠంతో దానికి ఎవరు ఉద్యోగమిస్తారో కూడా మీరే చెప్పండి అంది. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి కింది పెదవి కొరుక్కుంటోంది. కూర్చోమ్మా అంటే కూర్చోలేదు. డిగ్రీ లేకపోతే ఏ హోటల్లోనైనా గదులు తుడవడానికి తప్ప తీసుకోరు కదా మేడమ్ అని మాత్రం అంది. గదులు తుడవడం తక్కువ పనని నేను అనను. కానీ అది చదివింది అందుకు కాదు. వాళ్లు వెళ్లాక నేను తలుపు వేసుకుని ఏడ్చాను. నీకు చెప్పకుండా ఏడ్చింది ఇదే మొదటిసారి, ఎందుకంటే అంతకుముందు ఏడుపొస్తే నీ దగ్గరికే వచ్చేదాన్ని.

నాకు కావలసింది ఇంతే. కమిటీని మళ్లీ పిలిపించు. ఆ పిల్ల క్లాసులో చెప్పిందే చేసిందని ఒక్క మాట అను. తప్పు పాఠానిది అంటావా, సరే, పాఠం చెప్పినదాన్ని నన్ను పంపించెయ్యి. నేను మారు మాట్లాడకుండా నా బల్ల ఖాళీ చేసుకుని పోతాను. నా మీద ఏం రాసుకున్నా రాసుకో, వయసు మళ్లింది, మతి తప్పింది, నీ ఇష్టం. ఆ పిల్లని మాత్రం ఇంకే హోటల్లోనైనా ట్రైనింగు పూర్తి చేసుకోనివ్వు. టైబాబు ముందు నీకు అంత ధైర్యం లేకపోతే ఆ సంగతైనా నాతో చెప్పు. పిరికిదానివని తెలిస్తే కొంత ఓర్చుకుంటాను. కావాలనే చేశావనుకుంటేనే కడుపు మండుతోంది.

నిన్ను ఎంత తిట్టాలనుకున్నా చివరికి వచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు. పాడు స్నేహం. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
ఏ గదిలో కూర్చోబెట్టినా నీ పక్క బల్లే అనుకునే,
నీ స్నేహితురాలు.

తా.క. జూలై 10, బుధవారం. పైన రాసింది కవర్లో పెట్టాను కానీ పోస్టు చెయ్యలేదు. చేద్దామా వద్దా అని నెల రోజులుగా ఊగిసలాడుతుంటే ఇవాళ పొద్దున ఆ పిల్ల వచ్చింది. నల్ల కోటు, జేబు మీద ఆకుపచ్చ బ్యాడ్జీ. ట్రైనింగు సర్టిఫికెట్ ఇచ్చారట, డిగ్రీ వస్తుందట. అదే హోటల్లో పర్యావరణ విభాగమని కొత్తగా పెట్టి అందులో ఉద్యోగం కూడా ఇచ్చారట. ఇదంతా నీ పుణ్యమేనట. కమిటీ అయిన మర్నాటి నుంచీ సాయంత్రాలు వెళ్లి టైబాబు ఆఫీసులో కూర్చున్నావట. వాణ్ని బతిమాలి, ఆ పిల్ల చేత క్షమాపణ రాయించి, పని సాధించావట. నాకు తెలిస్తే ఆ క్షమాపణ రాయనివ్వనని, అయ్యేదాకా చెప్పొద్దన్నావట. నిజమే, రాయనిచ్చేదాన్ని కాదు. నా ఫోన్ ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో ఈ కాగితాలన్నీ చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడా పిల్ల తన మొదటి పని గురించి చెప్పింది. హోటలు గొట్టాన్ని పొడిగించి, సరస్సు మలుపు దాటించి, రెల్లుపొదల వెనక నీళ్ల అడుగుకి దించారట. సరిగ్గా ఎక్కడ వదిలితే పైకి తేలదో కనుక్కోమని ఆ పిల్లకే అప్పగించారట. గెస్టులు లేవకముందే రంగు పోసి, పడవేసుకుని తిరిగి చూసి, చోటు మార్చి మళ్లీ పోసి, వారం పాటు ఓపిగ్గా కనిపెట్టింది. ఇప్పుడు ఎంత వదిలినా మెట్ల దగ్గరికి చుక్క కూడా రాదు మేడమ్, అంతా మీరు చెప్పిన పద్ధతే అంది. మొహం వెలిగిపోతోంది. వాళ్లమ్మ కూడా సంతోషంగా ఉందట. రిపోర్టు నా చేతిలో పెట్టి, తప్పులుంటే దిద్దండి మేడమ్ అని అడిగింది. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క తప్పు లేదు.

కాగితాలు చింపలేదు. ఆ పిల్ల ప్రాక్టికల్ మార్కులు నేనింకా ఇవ్వలేదని మీ ఆఫీసు వాళ్లు అడుగుతున్నారు కదా, వేసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మనం ఈ పాఠం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నేను ఎవరికీ పూర్తి మార్కులు వెయ్యలేదు. ఈసారి వేశాను. కింద నీ సంతకానికి చోటు వదిలాను, పెట్టు.